కొండ మీద మంచు ఉంది, డ్యాములోకి నీళ్లేవి?

2021 వసంతంలో కాలిఫోర్నియా నీటి లెక్కల్లోంచి దాదాపు 30 టీఎంసీలు మాయమయ్యాయి. ఏ డ్యాముకూ గండి పడలేదు, ఎవరూ మోటార్లు పెట్టి తోడుకుపోలేదు. కొండల మీది మంచు కరిగి సాక్రమెంటో, ఫెదర్, అమెరికన్ నదుల్లోకి ఇంత నీరు వస్తుందని ఏప్రిల్ మొదట్లో అధికారులు లెక్క వేసుకున్నారు. నెల తిరిగేసరికి ఆ లెక్కలోంచి 6,85,000 ఎకరా అడుగులు కొట్టేయాల్సి వచ్చింది. ఎకరా అడుగంటే ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీరు. అలాంటివి 23 వేలు కలిస్తే మనకు అలవాటైన ఒక టీఎంసీ. ఆ ఏడాది ఏప్రిల్ 1న మంచు సగటులో సుమారు 60 శాతం ఉంది. గొప్ప సంవత్సరమేమీ కాదు, అలాగని కనీవినీ ఎరగని కరువూ కాదు. మంచైతే అనుకున్నట్టే కరిగిపోయింది, ఇంకా చెప్పాలంటే అనుకున్నదానికన్నా ముందే కరిగింది. నీళ్లే రాలేదు.

ఆగస్టు 5 నాటికి ఫెదర్ నది మీది ఓరోవిల్ జలాశయం ఎంతగా అడుగంటిందంటే, దాని జలవిద్యుత్ కేంద్రాన్ని మూసేశారు. 1960ల చివర్లో కరెంటు తీయడం మొదలుపెట్టాక నీళ్లు చాలక అది ఆగిపోవడం అదే మొదటిసారి.

ఏటా ఏప్రిల్, మే నెలల్లో పశ్చిమ అమెరికా పత్రికల్లో ఒక వార్త తప్పకుండా వస్తుంది: కొండల్లో మంచు సాధారణంలో ఇంత శాతం అని. 110 అంటే అమ్మయ్య అనుకోవడం, 60 అంటే ఇంటి ముందు లాన్‌కి నీళ్లు ఆపేస్తారేమోనని టెన్షన్. ఆ అంకెలో అబద్ధం లేదు. కానీ ఆ శాతానికీ జలాశయంలో చేరే నీటికీ మధ్య, ఆఫర్ లెటర్‌లో రాసిన ప్యాకేజీకీ నెలాఖరున ఖాతాలో పడే జీతానికీ ఉన్నంత తేడా ఉంది. కోతలు ఎక్కడెక్కడ పడతాయో తెలియాలంటే వసంతం చివరి ఆరేడు వారాల్లో కొండ మీద జరిగేది చూడాలి.

గేట్లు లేని డ్యాము

కృష్ణా, గోదావరి చూసి పెరిగినవాళ్లకు కాలిఫోర్నియా నీటి వ్యవహారం కాస్త తలకిందులుగా కనిపిస్తుంది. మన దగ్గర వానా పంటా కలిసే వస్తాయి. జూన్‌లో నైరుతి దిగుతుంది, జులై చివరకో ఆగస్టుకో ఎగువ నుంచి వరద వచ్చి శ్రీశైలం గేట్లు ఎత్తుతారు, ఖరీఫ్ ఆ తడితోనే నడుస్తుంది. అక్కడ వాన పడేది నవంబరు నుంచి మార్చి దాకా. ఏడాది మొత్తం వానలో దాదాపు సగం డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే పడిపోతుంది. బాదం తోటలకు, టమాటా పొలాలకు నీళ్లు కావాల్సింది మాత్రం మే నుంచి సెప్టెంబరు వరకు. ఆ నెలల్లో చాలాచోట్ల చుక్క రాలదు.

శీతకాలం నీటిని ఎండాకాలం దాకా పట్టి ఉంచే పనిని డ్యాములు కొంత చేస్తాయి. మిగతాది సియెరా నెవాడా కొండల మీది మంచు చేస్తుంది. రాష్ట్ర నీటి అవసరాల్లో సగటున 30 శాతం ఆ మంచు నుంచే తీరుతుందని అక్కడి జలవనరుల శాఖ చెప్పే లెక్క. మామూలు సంవత్సరంలో ఏప్రిల్ మొదటికి ఆ కొండల మీద సుమారు కోటీ 50 లక్షల ఎకరా అడుగుల నీరు మంచు రూపంలో కూర్చుని ఉంటుంది. మన కొలతలో 650 టీఎంసీల పైమాటే. శ్రీశైలం, నాగార్జున సాగర్ రెండూ నిండుకుండల్లా ఉన్నా అంత నీరు కాదు. ఈ పై డ్యాముకి ఖర్చు లేదు, ముంపు గ్రామాలు లేవు, నిర్వాసితుల గొడవ లేదు. ఉన్న చిక్కల్లా ఒకటే: దీనికి గేట్లు లేవు. ఎప్పుడు ఎంత వదలాలో ఎండే నిర్ణయిస్తుంది.

ఇది అక్కడి రైతుల గోల మాత్రమే అనుకోనక్కర్లేదు. యోసెమిటీ కొండల్లోని హెచ్ హెచీ జలాశయం నీరు పైపుల్లో శాన్ ఫ్రాన్సిస్కో దాకా వెళ్తుంది, దారిలో సన్నీవేల్, మిల్పిటాస్, మౌంటెన్ వ్యూ లాంటి ఊళ్లకూ పంచుతారు. ఆ ఊళ్లలో తెలుగు ఇళ్లు ఎన్నో చెప్పక్కర్లేదు. అక్కడ పప్పు ఉడికే నీళ్లలో కొంత నిరుడు శీతకాలం కురిసిన మంచే. అరిజోనాలో చాండ్లర్ వైపు ఉన్నవాళ్ల కుళాయిలోకి కొలరాడో నది నీరు కాలువ మీద వస్తుంది, అదీ ఎక్కువగా రాకీ పర్వతాల మంచే.

లోతు చూస్తే మోసపోతారు

తెలుగులో తెల్లవారుజామున గడ్డి మీద కనిపించేదీ మంచే, రోడ్డు మీద బస్సులు ఢీకొట్టుకునేలా కమ్మేసేదీ మంచే, కొండ మీద పేరుకునేదీ మంచే. ఒకే మాటతో సరిపెట్టుకున్న భాషలో ఈ విషయం చెప్పడం కొంచెం కష్టమే. పేరుకున్న మంచులోనూ రకాలున్నాయి. అప్పుడే పడిన పొడి మంచు పది అంగుళాలుంటే అందులో నీరు అంగుళం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అదే మంచు శీతకాలమంతా తన బరువుకి తానే అణిగి, పగలు కాస్త కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టి, ఏప్రిల్‌కి వచ్చేసరికి పది అంగుళాల్లో నాలుగైదు అంగుళాల నీరు పట్టి ఉంటుంది. కాబట్టి మార్చిలో మంచు పది అడుగుల నుంచి ఏడడుగులకు దిగిందంటే నీరు పోయిందని కాదు. లోతు తగ్గినా చుక్క పోకుండా ఉండవచ్చు. అందుకే కొలిచేవాళ్లు లోతుతో ఆగరు, బరువు కూడా చూస్తారు.

ఆ బరువు తూచే పద్ధతి కనిపెట్టినాయన ఇంజినీరు కాదు. నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ చెప్పే ప్రొఫెసర్ జేమ్స్ చర్చ్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మౌంట్ రోజ్ అనే కొండ మీద ఆయన మంచు కొలవడం మొదలుపెట్టాడు. ఆ కాలంలో తాహో సరస్సు మట్టం గురించి ఒడ్డున ఇళ్లున్నవాళ్లకూ నీళ్లు వాడుకునే కంపెనీలకూ పెద్ద తగాదా నడిచేది. కొండ మీది మంచు తూచి సరస్సు ఎంత పెరుగుతుందో ముందే చెప్పగలిగితే సగం గొడవ తీరుతుందని చర్చ్ చూపించాడు. వయసు మళ్లాక ఆయన ఇదే పని మీద హిమాలయాలకూ వచ్చాడు.

ఆయన గొట్టం ఇప్పటికీ వాడుకలో ఉంది. బోలుగా ఉన్న పొడవాటి లోహపు గొట్టం, కింది అంచుకి రంపం లాంటి పళ్లు, పక్కన అంగుళాల గీతలు. మంచు మీద నిలువుగా నిలబెట్టి, పిడి పట్టుకుని తిప్పుతూ నేల తగిలేదాకా దించుతారు. బయటికి లాగితే లోపల చెరుకు గడలా మంచు వస్తుంది. కొసన కాస్త మట్టి అంటి ఉంటేనే అడుగు దాకా దిగినట్టు లెక్క. మట్టి గీకేసి గొట్టాన్ని స్ప్రింగు తూనికకి తగిలిస్తారు. ఖాళీ గొట్టం బరువు తీసేస్తే మిగిలేది నీరు. తూనిక మీద గీతలు కూడా నీటి అంగుళాల్లోనే ఉంటాయి, వేరే గుణింతం అక్కర్లేదు. ఒకేచోట ఒకసారి తీసి వదలరు. కొలత దారి వెంట కొన్ని అడుగులకొకటి చొప్పున తీసి సగటు కడతారు.

సాక్రమెంటో నుంచి తాహో వైపు వెళ్లే 50వ నంబరు హైవే పక్కన ఫిలిప్స్ స్టేషన్ అనే మైదానం ఉంది. అక్కడ ఈ తతంగం టీవీ కెమెరాల ముందు జరుగుతుంది. 2015 ఏప్రిల్ 1న గవర్నర్ జెర్రీ బ్రౌన్ వచ్చి నిలబడింది ఎండిన గడ్డి మీద. గొట్టానికి పనే లేదు. రాష్ట్రమంతటా మంచు సగటులో 5 శాతం. ఆ రోజే ఆయన పట్టణాల్లో నీటి వాడకం 25 శాతం తగ్గించాలని ఆదేశించాడు. ఎనిమిదేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్ 3న, అదే మైదానంలో మంచు 126.5 అంగుళాల లోతుంది, పదిన్నర అడుగులన్నమాట. అందులో నీరు 54 అంగుళాలు. రాష్ట్రం మొత్తానికి లెక్క కడితే సగటులో 237 శాతం.

మనుషులు వెళ్లలేని చోట, వెళ్లని రోజుల్లో, పని చేసేది మంచు దిండ్లు. గడ్డకట్టని ద్రవం నింపిన వెడల్పాటి పరుపులు నేల మీద పరిచి ఉంటాయి. మీద పడిన మంచు బరువుకి లోపలి ఒత్తిడి పెరుగుతుంది, ఆ అంకె రేడియోలోనో ఉపగ్రహం ద్వారానో ఆఫీసుకి చేరుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ పశ్చిమ రాష్ట్రాల్లో ఇలాంటి ఆటోమేటిక్ కేంద్రాలు 900కి పైగా నడుపుతోంది.

మే నెల శాతాలతో జాగ్రత్త

ఏప్రిల్ 1 తేదీని ఊరికే ఎంచుకోలేదు. సియెరాలో మామూలుగా మంచు నిల్వ గరిష్ఠానికి చేరేది ఆ చుట్టుపక్కలే. ఆ తర్వాత పోగవడం ఆగి, కరగడం మొదలవుతుంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఆ తర్వాత వార్తల్లో రెండు రకాల శాతాలు తిరుగుతుంటాయి. ఒకటి ఏప్రిల్ 1 సగటుతో పోల్చేది. రెండోది ఆ తేదీకి మామూలుగా ఎంత ఉండాలో దానితో పోల్చేది.

2023నే తీసుకోండి. ఏప్రిల్ మొదట్లో రాష్ట్ర సగటున మంచులో నీరు 61 అంగుళాలు, 237 శాతం. మే 1కి అది 49 అంగుళాలకు తగ్గింది. శాతం మాత్రం 254కి పెరిగింది! పన్నెండు అంగుళాల నీరు కొండ దిగిపోయాక శాతం పెరగడమేమిటి? మామూలు సంవత్సరాల్లో మే 1కి ఉన్న మంచులో అంతకన్నా పెద్ద వంతు కరిగిపోతుంది గనక. హారం చిక్కిపోతే భాగఫలం ఉబ్బుతుంది, అంతే. అదే 49 అంగుళాలను ఏప్రిల్ 1 సగటుతో పోలిస్తే 190 శాతమే.

మే చివరికి ఇది మరీ హాస్యాస్పదంగా మారుతుంది. ఒక కేంద్రంలో ఆ తేదీకి మామూలుగా అర అంగుళం నీరు మిగలాలనుకుందాం. ఆ వారం చల్లబడి రెండు అంగుళాలు మిగిలింది. 400 శాతం! పటంలో ఆ లోయంతా ముదురు నీలం రంగు పూసేస్తారు. నదికి వచ్చేది మాత్రం అంగుళంన్నర అదనం. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. కొలత కేంద్రాలు ఎక్కువగా మనిషి చేరగలిగే మధ్యస్థ ఎత్తుల్లో, చదునైన మైదానాల్లో ఉంటాయి. అక్కడ మంచు అయిపోగానే అంకె సున్నా అవుతుంది, శిఖరాల కింద నీడ వాలుల్లో ఇంకా అడుగుల కొద్దీ మంచు ఉన్నా సరే. పటంలో మంచు ఖాళీ, నదిలో వరద. మే రెండో వారం దాటాక శాతం పటాల్ని పక్కన పెట్టి అంగుళాల్ని చూడడమే మేలు.

ఈ గుడ్డితనం పోగొట్టడానికి 2013 నుంచి విమానాల్లో లేజరు కిరణాలతో కొండల్ని కొలుస్తున్నారు. నాసా ప్రయోగశాలలో పుట్టిన పద్ధతి ఇది. మంచు లేనప్పుడు ఒకసారి, ఉన్నప్పుడు ఒకసారి ఎగిరి నేల ఎత్తు తీస్తారు. రెండింటి తేడానే మంచు లోతు. శిఖరాలు, లోయలు, నీడలు అన్నీ అందులోకి వస్తాయి. ఖర్చు ఎక్కువ, కాబట్టి అన్ని లోయల మీదా అన్నిసార్లూ ఎగరలేరు.

కోతలు పడేది ఎక్కడ

మొదటి కోత నేల వేస్తుంది. బీడు పొలానికి తొలి తడి పెట్టిన రైతుకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. తడిసిన చేనుకి గంటలో పారే నీరు, బీటలు వారిన చేనుకి మూడు గంటలు మోటారు నడిచినా చివరి మడికి చేరదు. 2020 వేసవి, శరత్తు కాలిఫోర్నియాలో విపరీతమైన ఎండ, కార్చిచ్చులు. నేల పిడచకట్టుకుపోయి ఉండగానే మంచు పడింది. మళ్లీ వసంతం పొడిగా, వేడిగా వచ్చింది. కరిగిన నీరు ముందు నేల దాహం తీర్చింది, తర్వాత ముందే చిగురించిన చెట్లకు పోయింది, కొంత ఆవిరైంది. వాగు దాకా వచ్చింది మిగిలినదే. మంచు 60 శాతం కాబట్టి నీరూ ఇంచుమించు 60 శాతం అనే లెక్క వెనక, నేల మామూలుగానే తడిగా ఉందన్న ఊహ దాక్కుని ఉంది. ఆ ఊహే దెబ్బ తీసింది.

అదే ఏడాది కొలరాడో నది ఎగువన కూడా ఇదే కథ, ఇంకా పెద్ద ఎత్తున. మంచు సాధారణానికి మరీ దూరంగా ఏమీ లేదు. వెయ్యి టీఎంసీలు పట్టే లేక్ పావెల్‌లోకి వచ్చిన నీరు మాత్రం మామూలులో మూడో వంతు చుట్టూ తచ్చాడింది. ఆగస్టులో కొలరాడో నది చరిత్రలోనే మొదటిసారి అధికారికంగా నీటి కొరత ప్రకటించారు. నాలుగు కోట్ల మంది ఆధారపడిన నది అది.

రెండో కోత ఎండది. మంచు కరగడమంటే మాటలు కాదు. సున్నా డిగ్రీల మంచుని సున్నా డిగ్రీల నీరుగా మార్చడానికి పట్టే వేడితో అదే నీటిని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఒక చెంబు మంచు కరిగించే గ్యాసుతో దాదాపు ఒక చెంబు టీ నీళ్లు పొగలు కక్కేలా కాచుకోవచ్చన్నమాట. ఆ వేడి ఎక్కువగా నేరుగా సూర్యుడి నుంచే రావాలి. కొత్త మంచు తన మీద పడిన వెలుతురులో 80 నుంచి 90 శాతం వెనక్కి కొట్టేస్తుంది. అందుకే ఫిబ్రవరిలో ఎంత ఎండ కాసినా దానికేమీ కాదు. పాతబడి, గరుకెక్కి, నల్లబడ్డ మంచు సగమే కొడుతుంది.

ఇక దాని మీద దుమ్ము పడితే ఇంకా వేగం. యూటా, అరిజోనా ఎడారుల నుంచి వసంతపు గాలులు ఎర్రమట్టిని లేపి కొలరాడోలోని సాన్ హువాన్ పర్వతాల మీద చల్లుతాయి. తెల్లటి కొండ ఇటుకరాయి రంగులోకి దిగుతుంది. ఆ మీద రెండుసార్లు మంచు కురిస్తే దుమ్ము కనిపించదు, గండం గడిచిందనిపిస్తుంది. మే నెలలో పై పొరలు కరుగుతుంటే ఒక్కో దుమ్ము పొర బయటపడి పైకి చేరి, అన్నీ కలిసి ఒకే ముదురు పొర అవుతాయి. అప్పుడు మంచు కొన్ని వారాల ముందే వెళ్లిపోతుంది. ఏప్రిల్ 1 నాటి తూనికలో ఈ దుమ్ము బరువు ఎక్కడా కనిపించదు.

మే వాన వరమా, శాపమా

ఇక్కడ వాతావరణ సూచన కథలోకి వస్తుంది. కొండల్లో వచ్చే వారం వానలు అని మే నెలలో చదివితే కాలిఫోర్నియాలో దాని అర్థం ఒకటి, కొలరాడోలో ఇంకొకటి.

కాలిఫోర్నియాలో మే వాన ఖజానా నింపదు. ఏడాది మొత్తంలో ఆ నెల వాటా చాలా చిన్నది. డిసెంబరులో రాని వాన మేలో వచ్చి ఆదుకుంటుందని ఆశ పెట్టుకోవడం, సంక్రాంతికి రావాల్సిన అల్లుడి కోసం ఉగాది దాకా అరిసెలు దాచడం లాంటిది. మే మబ్బు అక్కడ చేసే మేలు వేరే: ఎండని అడ్డుకుంటుంది. నాలుగు రోజులు మబ్బు పట్టి చల్లగా ఉంటే కరగడం నెమ్మదిస్తుంది, పై డ్యాము గేటు కాస్త కిందికి దిగినట్టు.

కొలరాడో లాంటి చోట్ల, ముఖ్యంగా రాకీల తూర్పు వాలుల్లో, ఏప్రిల్, మే నెలలు నిజంగానే తడి నెలలు. 2015లో అక్కడ ఏం జరిగిందో చూస్తే ఏప్రిల్ 1 అంకెని నమ్ముకోవడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. ఆ మే మొదట్లో లేక్ పావెల్‌కి వచ్చే వేసవి నీరు మామూలులో సగం కూడా ఉండదని అంచనా. తర్వాత వారాల తరబడి వాన, మంచు ఆగకుండా పడ్డాయి. చివరికి ఏప్రిల్ నుంచి జులై వరకు చేరిన నీరు మామూలులో 90 శాతం దాటింది. నీటి లెక్కలు చూసేవాళ్లు దాన్ని ఇప్పటికీ అద్భుతాల మే అనే పిలుస్తారు. 2021 ముంచింది, 2015 తేల్చింది.

వాన మంచు మీద పడితే మంచు ఒక్కసారిగా కరిగి వరద వస్తుందని ఒక నమ్మకం ఉంది. వాన చేసే పని అనుకున్నంత కాదు. పది డిగ్రీల వాన ఒక అంగుళం పడితే, దానిలోని వేడి కరిగించేది అంగుళంలో ఎనిమిదో వంతు నీటికి సరిపడా మంచునే. అసలు దొంగ వానతోబాటు వచ్చే వెచ్చని తేమ గాలి. ఆ తేమ చల్లటి మంచుని తాకి నీటి బొట్లయ్యేటప్పుడు వదిలే వేడి అపారం. ఒక కిలో ఆవిరి అలా నీరైతే ఏడు కిలోలకు పైగా మంచు కరుగుతుంది. కాబట్టి సూచనలో ఎన్ని అంగుళాల వాన అన్నదానికన్నా, గాలి ఎంత వెచ్చన, వాన మంచుగా మారే ఎత్తు ఎన్ని అడుగులు, రాత్రి చలి ఎంత అన్నవి ముఖ్యం. ఏడు వేల అడుగుల పైన మంచు పడితే నిల్వకి కలుస్తుంది. పదకొండు వేల అడుగుల దాకా వానే పడితే అదే మబ్బు వాగుల మీదికి వరదని తోస్తుంది.

ఈ సూచనలు ఎంతవరకు నమ్మొచ్చు? ఐదారు రోజుల దాకా పర్వాలేదు. వసంతంలో మాత్రం ఒక తలనొప్పి ఉంది. శీతకాలంలో పశ్చిమ గాలుల ప్రధాన ప్రవాహం బలంగా ఉండి తుపాన్లను వరసగా తోసుకొస్తుంది. మేలో అది బలహీనపడి మెలికలు తిరుగుతుంది. అప్పుడప్పుడు ఒక అల్పపీడనం ఆ ప్రవాహం నుంచి తెగిపోయి, తాడు తెంచుకున్న దూడలా ఎటు పోతుందో తెలియకుండా తిరుగుతుంది. రెండొందల కిలోమీటర్లు ఇటు జరిగితే కొండకి రెండడుగుల మంచు, అటు జరిగితే ఎండ. కంప్యూటర్ నమూనాలు రోజుకో మాట చెప్పేది వీటి విషయంలోనే.

నెలల ముందు ఇచ్చే సూచనలైతే అసలు వేరే భాష. తడి, మామూలు, పొడి అని మూడు గదులు, ఏమీ తెలియకపోతే ఒక్కోదానికి 33 శాతం. పటంలో ఆకుపచ్చ రంగు వేసి 40 శాతం తడి అన్నారంటే, 33 కాస్తా 40 అయిందని అర్థం. తడి కాకపోయే అవకాశం ఇంకా 60 శాతం ఉంది. ఆ రంగు చూసి వానలు వస్తాయట అని వాట్సాప్‌లో పంపేవాళ్లు ఈ చివరి వాక్యం పంపరు.

నిజానికి వసంతపు మంచుకీ వాన సూచనకీ ముడి మొదట వేసింది మన దేశంలోనే. 1880లలో భారత వాతావరణ శాఖ అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్, హిమాలయాల్లో మంచు ఎక్కువ పడిన ఏడాది నైరుతి బలహీనంగా ఉంటుందని గమనించి, దాని ఆధారంగానే రుతుపవనాల సూచనలు మొదలుపెట్టాడు. కొండ మంచుతో కప్పి ఉంటే ఎండ వేడి దాన్ని కరిగించడానికే సరిపోతుంది, నేల కాగదు, రుతుపవనాల్ని లాగే బలం తగ్గుతుందన్నది తర్కం. ఆ ముడి తర్వాతి కాలంలో అంత గట్టిగా నిలవలేదు. అయినా ఇప్పటికీ ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి వచ్చే రుతుపవనాల ప్రకటనలో యురేషియా మంచు విస్తీర్ణం గురించి ఒక పేరా ఉంటుంది. అనంతపురంలో వేరుశనగ విత్తనాలు సిద్ధం చేసుకునే రైతుకీ ఎక్కడో సైబీరియా మంచుకీ ఆ మాత్రం చుట్టరికం ఉంది.

ఖాళీ ఉంచాలా, నింపాలా

డ్యాము నడిపేవాళ్ల కష్టం ఇక్కడ అర్థమవుతుంది. శీతకాలంలో వరద కోసం జలాశయంలో కొంత జాగా ఖాళీగా ఉంచడం చట్టం. వసంతం చివర్లో ఆ జాగాని మంచు నీటితో నింపుకోవాలి. తొందరపడి నింపితే వేడిగాలి వచ్చిన వారం నీరు స్పిల్‌వే మీదుగా ఊళ్ల మీదికి పోతుంది. ఓరోవిల్‌లో 2017 ఫిబ్రవరిలో వానలకు స్పిల్‌వే దెబ్బతిని దాదాపు 1,88,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించిన జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. వచ్చే మంచుంది కదా అని ముందే వదిలేస్తే 2021 లాంటి ఏడాది చేతులు కాలతాయి.

కాలిఫోర్నియా జలవనరుల శాఖ ఫిబ్రవరి నుంచి మే దాకా ఇచ్చే అంచనాల్లో ఒకే అంకె ఉండదు. సగం అవకాశం ఉన్న అంకె ఒకటి, పదిలో తొమ్మిదిసార్లు దాటే అంకె ఒకటి, పదిలో ఒక్కసారే దాటే అంకె ఒకటి, ఇలా ఒక వరస ఉంటుంది. పేపర్లలోకి ఎక్కేది మధ్య అంకె. పంట వేసేవాడికి పనికొచ్చేది పదిలో తొమ్మిదిసార్లు దాటే అంకె, గట్టు కాపలా కాసేవాడికి పదిలో ఒక్కసారి దాటే అంకె. ఎవరి భయం ఏదో వాళ్లు చూడాల్సిన గడి వేరు. మధ్య అంకెనే పట్టుకుని అందరూ నిర్ణయాలు తీసుకోవడంలోనే చాలా నష్టం ఉంది.

2023లో భయం రెండో వైపు నుంచి వచ్చింది. 237 శాతం మంచు ఒక్కసారిగా దిగితే కొండల కింద పంటపొలాలతో నిండిన శాన్ వాకీన్ లోయ ఏమవుతుందోనని అందరూ గుండెలు అరచేతిలో పెట్టుకున్నారు. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వపు నీటి సరఫరా ప్రాజెక్టు తన కింది నీటి సంస్థలకు అడిగినదాంట్లో 100 శాతం ఇస్తామని ప్రకటించింది. 2006 తర్వాత అదే మొదటిసారి. లోయ దక్షిణాన, వందేళ్ల కిందటే ఎండగట్టి పత్తి, టమాటా వేసుకున్న తులారే సరస్సు మళ్లీ లేచి పొలాలన్నీ తన కిందికి లాక్కుంది. నీళ్లు తాను ఉన్నచోటు మర్చిపోవని చెరువుల్ని పూడ్చి ప్లాట్లు వేసిన హైదరాబాదులో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పాలా? అయినా అనుకున్నంత ఉత్పాతం జరగలేదు. ఆ మే నెల మబ్బుగా, చల్లగా గడిచింది. మంచు వారాల తరబడి మెల్లగా దిగింది. అదే ఏప్రిల్ అంకె, ఇంకో రకం మే వచ్చి ఉంటే కథ వేరేగా ఉండేది.

ఇంట్లో కూర్చుని కొండ పరిస్థితి గమనించాలనుకునేవాళ్లకు శాతం పటాలకన్నా మంచిది ఇంకొకటుంది: నది మట్టం గ్రాఫు. యోసెమిటీ లోయలో హ్యాపీ ఐల్స్ దగ్గర మెర్సెడ్ నది మీద ఒక కొలత కేంద్రం ఉంది, దాని అంకెలు ఎవరైనా చూడవచ్చు. పైన మధ్యాహ్నం కరిగిన మంచు అక్కడికి చేరేసరికి చీకటి పడుతుంది. అందుకే మే నెలలో ఆ నది పగలు కన్నా రాత్రి పొద్దుపోయాక ఉధృతంగా ఉంటుంది, తెల్లారేసరికి తగ్గుతుంది. గీసి చూస్తే రోజుకో పన్ను చొప్పున రంపంలా కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజు పన్ను చిన్నదవుతుంది. పైన రాత్రిపూట కూడా గడ్డకట్టని వారం వస్తే పళ్లన్నీ కలిసి మెట్లెక్కినట్టు పైకి పోతాయి, గట్టు దగ్గర గుడారాలు వేసుకున్నవాళ్లని జరగమనేది అప్పుడే. తర్వాత ఒక వారంలో, ఎండ ఎప్పటిలాగే కాస్తున్నా, పళ్లు అరిగిపోవడం మొదలవుతుంది. పటం 300 శాతం చూపించినా సరే, పైన కరగడానికి ఇక పెద్దగా ఏమీ మిగల్లేదని దానర్థం.